సీటు రెండు సెంటీమీటర్లు లేచాక

(ఆడియోలో చెప్పినదాన్నే చదువుకోవడానికి వీలుగా ఇక్కడ పెడుతున్నాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఉన్నదున్నట్టే.)

పోయిన ఎపిసోడ్‌లో బైక్ ఫిట్టింగ్ అంటే ఏమిటి, ఎలా చేస్తారు, ఎంత తీసుకుంటారు అని చెప్పుకున్నాం కదా. దానికి వచ్చిన మెయిళ్ళలో చాలావాటిలో ఒకటే ప్రశ్న. "ఫిట్టింగ్ చేయించుకున్నానండీ, పాత నొప్పి పోయింది, కానీ కొత్తగా ఇంకో చోట మొదలైంది. ఇది మామూలేనా? ఎన్నాళ్ళు ఓపిక పట్టాలి?" అని. అందుకని ఇవాళ ఫిట్టింగ్ గురించి కాదు, ఫిట్టింగ్ అయిన మర్నాటి నుంచి ఏమవుతుందో దాని గురించి.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్నీ కాదు, ఫిట్టర్నీ కాదు. ఫ్రీమాంట్‌లో ఉంటాను. పగలంతా కంప్యూటర్ ముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తెల్లవారుజామున సైకిలు. వయసు 47, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఎత్తు ఎందుకు చెబుతున్నానంటే ఈ కథలో సగం గొడవ దానిదే.

అసలు మన తరంలో సైకిలు ఎలా నేర్చుకున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. మాది తెనాలి. నాన్నగారి సైకిలు నా భుజం దాకా వచ్చేది. సీటు మీద కూర్చుంటే పెడల్ అందదు, అందుకని కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా పక్కకి వంచి తొక్కేవాళ్ళం. లేదంటే గంటకి ఇంత అని అద్దె సైకిలు. అద్దె కొట్లో ఏది ఖాళీగా ఉంటే అదే మన సైజు. సైకిలు మనకి సరిపోవడం అనే ఆలోచనే లేదండీ, మనమే సైకిలుకి సరిపోయేవాళ్ళం. ఆ ఒళ్ళు, ఆ బుర్ర వేసుకునే ఇక్కడికి వచ్చాం. ఇక్కడ కూడా సేల్లో దొరికిన సైజు, లేకపోతే ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసిన సైజు. నాది అలా వచ్చిందే, మావారి స్నేహితుడి దగ్గర నుంచి. కొంచెం పెద్దది, అయినా సీటు దించుకుని తొక్కేశాను, మూడేళ్ళు.

మన భాషలో "సర్దుకుపోవడం" అని ఒక మాట ఉంది. ఆడపిల్లలకి ఇది ఉగ్గుపాలతోనే పోస్తారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ మాట గురించే అనుకోండి. ఎందుకంటే ఫిట్టింగ్ అయ్యాక నిజంగానే సర్దుకోవాల్సిన నొప్పి కొంత ఉంటుంది. అస్సలు సర్దుకోకూడనిది కూడా కొంత ఉంటుంది. ఏది ఏదో తెలియకపోతే రెండు రకాలుగానూ నష్టమే. రెండో వారంలో భయపడి అన్నీ పాత కొలతలకి తిప్పేసేవాళ్ళని చూశాను. పళ్ళ బిగువున భరించి మోకాలు పాడుచేసుకున్నవాళ్ళని కూడా చూశాను.

నా సంగతి చెబుతాను, కాస్త మొహమాటంగా ఉన్నా. కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి ఉండేది, అది గ్రూపులో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకోటి. గంట తొక్కేసరికి సీటు తగిలే చోట, ముందు వైపు, మొద్దుబారిపోయేది. దిగాక ఇరవై నిమిషాలు స్పర్శ ఉండేది కాదు. కొన్నిసార్లు వాపు. ఎనిమిది నెలలు. ఇది ఎవరితో చెబుతాం? మా వాట్సాప్ గ్రూపులో ఇరవై మంది, అందులో ఆడవాళ్ళం ముగ్గురం. అమ్మతో ఫోన్లో అంటే "ఈ వయసులో నీకెందుకే అమ్మాయ్ ఆ సైకిలు, హాయిగా నడవక" అంటుంది. చివరికి ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకి వెళ్ళినప్పుడు లేడీ డాక్టరు తనే అడిగింది, సైకిలు తొక్కుతారా అని. నొక్కుకుపోతున్నవి అక్కడి నరాలూ రక్తనాళాలూ అనీ, బరువు మోయాల్సింది మెత్తని భాగం కాదు, పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలనీ ఆవిడే చెప్పింది. మగవాళ్ళకీ ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది, వాళ్ళూ చెప్పుకోరు. మాట వచ్చింది కాబట్టి అనేస్తున్నా, మొద్దుబారడం దగ్గర "అలవాటవుతుందిలే" అన్న మాటే లేదు. ఫిట్టింగ్‌కి ముందైనా, తర్వాతైనా.

మావారు 350 డాలర్లు అనగానే "సీటు ఎత్తడానికా!" అన్నారు. సీటు ఎత్తడానికే. ఏమేం మారాయో చెబుతాను, ఎందుకంటే ఇవి తెలిస్తేనే తర్వాతి నొప్పులు అర్థమవుతాయి. నా కాలి లోపలి కొలత, అంటే కవట నుంచి నేల దాకా, 73 సెంటీమీటర్లు. గ్రెగ్ లెమాండ్ పేరుతో ఒక పాత లెక్క ఉంది, ఈ కొలతని 0.883తో గుణిస్తే పెడళ్ళ మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఎంత ఉండాలో వస్తుంది. నాకు 64.5 వస్తుంది. నా సీటు 62.2 దగ్గర ఉంది. ఫిట్టర్ ఈ లెక్కని నమ్ముకోలేదు, మోకాలి కోణం కొలిచారు. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలని సాధారణంగా చెబుతారు. నాది 42. అంటే కాలు ఎప్పుడూ సగం ముడుచుకునే తొక్కుతున్నానన్నమాట, మోకాలి చిప్ప ఊరుకుంటుందా? పెడల్ కాడలు 170 మిల్లీమీటర్లవి తీసి 165వి వేశారు. కాడ 5 తగ్గితే పెడల్ అంత పైకి వస్తుంది కాబట్టి సీటు 5 పెరగాలి, కోణం కోసం ఇంకో 15. మొత్తం రెండు సెంటీమీటర్లు, 64.2కి. ఇవికాక సీటు వెడల్పుది, మధ్యలో ఖాళీ ఉన్నది. హ్యాండిల్ 42 నుంచి 38కి తగ్గి ఇరుకైంది. స్టెమ్ 2 సెంటీమీటర్లు పొట్టిదైంది. బూట్ల కింద క్లీట్లు వెనక్కి జరిగాయి.

ఒక్క రోజులో ఇన్ని. ఇవన్నీ శరీరానికి ఎలా ఉంటాయో ఊహించండి. నేను నిమిషానికి 75 చుట్లు తిప్పుతాను. గంటకి 4,500. వారానికి అయిదు గంటలు తొక్కితే ఏడాదికి 11 లక్షల పైన. మూడేళ్ళపాటు, ఏటా 11 లక్షల సార్లు, ఈ కాళ్ళు ఒకే వంపులో, ఒకే పొడవులో పనిచేశాయి. ఆ పొడవులోనే వాటికి బలం. ఇప్పుడు హఠాత్తుగా "ఇంకొంచెం చాచు" అన్నాం. లెక్క ప్రకారం కొత్తదే సరైనది. కానీ ఒంటికి తెలిసింది పాతది. పాత చెప్పు వంకరగా అరిగినా కాలికి అదే హాయిగా ఉన్నట్టు.

మొదటి రోజు అటక మీద కూర్చున్నట్టుంది. నిజం! సిగ్నల్ దగ్గర కాలు నేలకి అందలేదు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఇంతకు ముందు సీటు మీద కూర్చునే వేళ్ళు నేలకి ఆనించేదాన్ని, ఇప్పుడు ఆగే ముందే సీటు దిగి ముందుకి రావాలి. రోడ్డు మీదకి వెళ్ళకుండా మా ఇంటి దగ్గర ఎలిమెంటరీ స్కూల్ పార్కింగ్‌లో ఆదివారం పొద్దున అరగంట ఇదొక్కటే చేశాను, ఆగడం, దిగడం, ఎక్కడం. పొట్టి స్టెమ్, ఇరుకు హ్యాండిల్ వల్ల సైకిలు కూడా చిన్న కదలికకే తిరిగిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే పక్కకి లాగేస్తుంది. మీ పాత చేతివాటం కొత్త హ్యాండిల్‌కి ఎక్కువ. వారం పడుతుంది, కంగారు పడొద్దు. ఆ వారం మాత్రం గుంపులో చక్రానికి చక్రం ఆనించి తొక్కకండి.

తర్వాత రెండు వారాలు అలమేడా క్రీక్ ట్రైల్ తప్ప ఇంకెక్కడికీ పోలేదు. ఇక్కడివాళ్ళకి తెలుసు, నైల్స్ దగ్గర మొదలై బే దాకా సుమారు 12 మైళ్ళు, దక్షిణపు గట్టు మీద చక్కటి తారు, ఎత్తుపల్లాలు లేవు. పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నమైతే బే నుంచి ఎదురుగాలి కొడుతుంది. 40 నిమిషాలు, తేలిక గేరు, మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగం. అంతే. గ్రూపు వాళ్ళు కాలవేరస్ రోడ్డు ఎక్కుతున్న ఫోటోలు పెడుతుంటే నేను కాలవ గట్టు మీద బాతుల్ని చూస్తూ తిరిగాను. వేగం తగ్గింది, గుండె మాత్రం ఎక్కువ కొట్టుకుంటోంది. ఇక్కడే చాలామందికి మనసు విరుగుతుంది. "డబ్బులిచ్చి నెమ్మదైపోయాను" అనుకుంటారు. కొత్త పొడవులో కండరానికి ఇంకా నేర్పు రాలేదు, అంతే సంగతి. కండరాలు కొన్ని వారాల్లో దారికొస్తాయి. వాటిని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళలాంటివి, టెండన్లు, ఇంకా నిదానం. కాళ్ళు బాగున్నాయి కదా అని మూడో వారమే కొండ ఎక్కితే వాటి మీద పడుతుంది.

ఆ రెండు వారాల్లో నాకు ఎక్కడెక్కడ నొప్పి పుట్టిందంటే తొడల వెనక, పిక్కల్లో, పిరుదుల్లో. మోచేతుల పైన వెనక వైపు. మెడ కొంచెం. ఇవన్నీ సర్దుకోవాల్సినవి. ఎలా తెలిసిందంటారా? రెండు వైపులా సమానంగా ఉంది. వేలితో ఇదిగో ఇక్కడ అని చూపించలేను, అరచేతితో రాసి చూపించాలి, అంత విస్తారంగా ఉంది. తొక్కుతున్నప్పుడు కంటే మర్నాడు మెట్లు దిగేటప్పుడు ఎక్కువ, ఎల్లుండికి పోతుంది. వారం వారం తగ్గుతోంది. పిరుదుల నొప్పికి నేను సంతోషించాను కూడా, మూడేళ్ళుగా సెలవులో ఉన్న కండరాలు ఉద్యోగంలో చేరాయని. కొత్త సీటు మీద ఎముకల దగ్గర పచ్చిగా నొప్పి, అది కూడా ఈ జాతిదే. ఎముకలు మోయాల్సిన బరువు ఎముకల మీద పడితే మొదట్లో నొస్తుంది, పది పన్నెండు రోజులకి పోయింది. ముందు వైపు మొద్దుబారడం మాత్రం మొదటి రోజే పోయింది, మళ్ళీ రాలేదు. నా 350 డాలర్లు అక్కడికే ముట్టాయండీ.

అయితే మూడో వారంలో ఎడమ మోకాలి వెనక ఒకటి మొదలైంది. ఒక్క వైపే. వేలు పెట్టి చూపించగలను. తొక్కిన అరగంటకి మొదలై, ఆపేదాకా పెరుగుతూ పోతుంది. ఒక రోజు మానేసినా, మళ్ళీ ఎక్కగానే అదే చోట. చూడండి, అన్ని గుర్తులూ తారుమారు. మోకాలి ముందు నొప్పి అయితే సీటు తక్కువగా ఉందేమో చూడాలి, వెనక నొప్పి అయితే ఎక్కువైందేమో చూడాలి, ఇది సైకిలు లోకంలో పాత మాట. వెంటనే ఫిట్టర్‌కి ఫోన్ చేశాను. వెనక నుంచి వీడియో తీసి పంపమన్నారు. మావారు ట్రైల్ మీద నా వెనకాలే వస్తూ ఫోన్‌తో తీశారు, ఆయనకి అదో సరదా. వీడియోలో స్పష్టంగా కనిపించింది. ఎడమ పెడల్ అడుగుకి వెళ్ళిన ప్రతిసారీ నా నడుము ఎడమ వైపుకి చిన్నగా ఒరుగుతోంది, అందని కాలుని అందించడానికి. కుడి కాలికి సరిపోయిన ఎత్తు ఎడమ కాలికి ఒక పిసరు ఎక్కువ. సీటు 4 మిల్లీమీటర్లు దించమన్నారు. 63.8. పది రోజుల్లో నొప్పి పోయింది.

4 మిల్లీమీటర్లండీ! రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

అందుకే ఫిట్టింగ్ కాగితం మీద ఉన్న అంకెల్ని వేదంలా చూడొద్దంటాను. ఆ అంకెలు ఆ రోజు, ఆ గదిలో, స్టాండు మీద నిలబెట్టిన సైకిలు మీద, అలిసిపోని శరీరానివి. రెండు గంటలు తొక్కాక శరీరం చెప్పేది కూడా లెక్కలోకి రావాలి. మోకాలు పెడల్ ఇరుసుకి నిట్టనిలువుగా పైన ఉండాలని ఒక సూత్రం ఉంది. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే మోకాలి నుంచి వేలాడదీసి కొలుస్తారు. కీత్ బాంట్రగర్ దీని మీద ఒక వ్యాసమే రాశాడు, ఇదో అపోహ అని. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు. ఎడ్డీ మెర్క్స్ పేరు వినే ఉంటారు, బెల్జియం ఆయన, టూర్ డి ఫ్రాన్స్ అయిదు సార్లు గెలిచాడు. 1969లో బ్లోయిస్‌లో ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు. ముందు మోటారు బండి నడుపుతున్నాయన చనిపోయాడు, మెర్క్స్ నడుము దెబ్బతింది. ఆ తర్వాత ఆయనకి ఏ ఎత్తూ కుదిరేది కాదు, రేసు మధ్యలో కూడా సీటు సరిచేసుకునేవాడు. నాలుగు టూర్లు ఆ నొప్పితోనే గెలిచాడు. అంతటివాడికే స్థిరమైన కొలత దొరకలేదు. కానీ ఇది విని రోజూ స్పానర్ పట్టుకోకండి! ఆయన ఒళ్ళు ఆయనకి తెలుసు, పైగా ఆయన పనే అది.

మార్చాల్సి వస్తే ఒక్కసారి ఒక్కటే మార్చండి. సీటు ఎత్తయితే 2, 3 మిల్లీమీటర్ల చొప్పున, మార్చాక కనీసం మూడు నాలుగు రైడ్లు ఆగి చూడండి. ఫిట్టర్ చెబితే సరే, నాకు 4 ఒకేసారి చెప్పారు. మొదట కొలతలన్నీ రాసి పెట్టుకోండి. ఇరుసు నుంచి సీటు దాకా, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా. సీటు గొట్టం మీద ఎలక్ట్రికల్ టేప్ ఒక చుట్టు వేయండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గొట్టం బిగువు చాలక కొద్దికొద్దిగా దిగిపోతుంటుంది, మీరేమో ఒంట్లో తేడా వెతుక్కుంటుంటారు. మా గ్రూపులో ఒకాయనకి ఇదే జరిగింది. మోకాలు మళ్ళీ నొస్తోందని నెల రోజులు ఫిజియో దగ్గరకి తిరిగాడు, చూస్తే సీటు సెంటీమీటరు దిగిపోయి ఉంది. ఇంకోటి, ఈ నెల రోజుల్లో కొత్త బూట్లు, కొత్త నిక్కరు కొనకండి. దళసరి మెత్త ఉన్న నిక్కరు వేసుకుంటే సీటు ఎత్తు పెరిగినట్టే, బూటు అట్ట మందమైతే తగ్గినట్టే. సీటు ముందుకి జరిపినా అంతే, పెడల్‌కి దగ్గరవుతారు కాబట్టి ఎత్తు కాస్త తగ్గినట్టవుతుంది. ఏ మార్పు వల్ల ఏ నొప్పి వచ్చిందో మీకే కాదు, ఎవరికీ అర్థం కాదు తర్వాత.

చేతుల గురించి ఒక మాట, మనలో చాలామంది కీబోర్డు మీద బతికేవాళ్ళం కాబట్టి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున వెళ్ళే నరం నొక్కుకుంటోంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అయితే మణికట్టు మధ్యలో వెళ్ళేది. తొక్కుతూ చేతులు మార్చి పట్టుకుంటే పోతే సరే. ప్రతి రైడ్‌లోనూ వస్తుంటే ఫిట్టర్‌కి చెప్పండి. దిగాక గంటలకొద్దీ ఉన్నా, మర్నాడు చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా ఆ వారం సైకిలు ఎక్కకుండా డాక్టర్ దగ్గరకి వెళ్ళండి.

నేను మళ్ళీ కొండ ఎక్కింది తొమ్మిదో వారంలో. మౌంట్ హామిల్టన్. కావాలనే దాన్ని ఎంచుకున్నాను. శాన్ హోసేలో అలమ్ రాక్ వైపు నుంచి 19 మైళ్ళు, శిఖరం 4,200 అడుగులు దాటుతుంది. ఇంత చెప్పినా అది క్రూరమైన ఎక్కుడు కాదు. పైన ఉన్న లిక్ అబ్జర్వేటరీకి సామాను గుర్రబ్బళ్ళలో చేర్చాలని 1876లో వేసిన రోడ్డు అది. గుర్రాలు లాగగలిగినంత వాలుగానే, వంపులు వంపులుగా తీశారు. 1888 నాటికి అబ్జర్వేటరీ పూర్తయింది. గుర్రాల మీద చూపించిన ఆ దయ ఇప్పుడు మనకి అక్కరకొస్తోంది. కాకపోతే ఎక్కుడు మధ్యలో రెండు చోట్ల దిగుడు ఉంటుంది, ఎక్కింది కొంత పోగొట్టుకుని మళ్ళీ ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు అలిసిన కాళ్ళతో ఆ రెండూ ఎక్కాలి. మోకాలు నిజం చెప్పేది అక్కడే.

పోయినేడు నేను సగం దారిలో గ్రాంట్ రాంచ్ పార్కు దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను, మోకాలు ఒకటి, చెప్పుకోలేనిది ఇంకోటి. ఈసారి పైదాకా వెళ్ళాను. గ్రూపులో చివరిదాన్ని నేనే, మూడు గంటలు దాటింది. పొట్టి కాడలకి కాళ్ళు చకచకా తిరిగే అలవాటు వచ్చింది, 75 తిప్పేదాన్ని 82, 83 తిప్పుతున్నాను. దిగేటప్పుడు చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి కానీ తిమ్మిరి లేదు. మర్నాడు మెట్లు దిగడం కష్టమైంది, రెండు కాళ్ళకీ సమానంగా. అరచేతితో రాసి చూపించేటంత.

ఇక మెయిల్లో వచ్చిన రెండు మూడు ప్రశ్నలు. ఫిట్టింగ్‌కి అంత డబ్బు పెట్టలేను, ఇంట్లోనే చేసుకోవచ్చా అని డాలస్ నుంచి ఒకావిడ అడిగారు. సీటు ఎత్తు వరకు చేసుకోవచ్చండీ. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమని పెడల్ మీద పెట్టి అడుగుదాకా తిప్పండి. నడుము ఒరగకుండా కాలు సరిగ్గా చాచుకోవాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. ఇది మొదటి మెట్టు. నొప్పి లేనివాళ్ళకి చాలాసార్లు ఇది చాలు. మొద్దుబారడం ఉంటే మాత్రం సీటు వెడల్పు కొలిపించుకోండి. కొలిచి చూపించే కొట్లు చాలానే ఉన్నాయి.

ఇంకొకాయన వచ్చే నెల సెంచరీ రైడ్ ఉంది, ఈ వారం ఫిట్టింగ్ చేయించుకోనా అన్నారు. వద్దండీ. పాత కొలతల్లోనే ఆ వంద మైళ్ళూ పూర్తి చేసి, తర్వాత చేయించుకోండి. ఆరు వారాలు ఖాళీ ఉన్నప్పుడు పెట్టుకోవాల్సిన పని ఇది. డబ్బు కట్టే ముందు ఒకటి అడగండి, నెల తర్వాత మళ్ళీ వస్తే చూస్తారా, దానికి వేరే తీసుకుంటారా అని. నాకు ఆ 4 మిల్లీమీటర్లు ఉచితంగానే వచ్చాయి, ముందే అడిగాను కాబట్టి.

పేరు చెప్పొద్దన్న ఒకమ్మాయి, నేను మొదట్లో చెప్పిన సమస్యే రాసింది. అక్కా, ఫిట్టర్ మగాయన, ఎలా చెప్పను అని. నువ్వు నోటితో చెప్పక్కర్లేదమ్మా. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఒక్క వాక్యం రాసి పంపించు. "సీటు ముందు భాగంలో తిమ్మిరి వస్తోంది" అని, ఎన్ని నిమిషాలకి వస్తుందో, దిగాక ఎంతసేపు ఉంటుందో. నేను అలాగే పంపించాను. ఆయన చదివి, ఒక్క మాట కూడా అడక్కుండా, నేను వెళ్ళేసరికి నాలుగు సీట్లు వరసగా పెట్టి ఉంచారు.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో పంక్చర్లు.